గుట్ట వాకిలి

మా ఎదురింటి పెద్దమ్మ పోయింది. ఎమ్మిగనూరులో చెల్లెలి మనవరాలికి పేరు పెట్టే పండుగని వెళ్ళిన మనిషి, భోజనాలయ్యాక కాస్త నడుము వాలుస్తానని చాప మీద పడుకుని మళ్ళీ లేవలేదు. కబురు అందగానే ఆదోనిలో కాలేజీ నుంచి అటే బస్సెక్కిన ఆమె కూతురు, దారిలోంచి నాకు ఫోన్ చేసింది. నేను పదో తరగతి పిల్లల తెలుగు పేపర్లు దిద్దుతున్నాను. "అమ్మ పోయిందక్కా" అని ఆ అమ్మాయి అంటే, నేను "సరేనమ్మా" అన్నాను. ఎందుకలా అన్నానో నాకే తెలియదు. అలాంటి మాటకు సరే అనేవాళ్ళు ఎవరైనా ఉంటారా? ఫోన్ పెట్టేశాక చేతిలోని ఎర్ర పెన్నుకు మూత పెట్టి, మళ్ళీ తీసి, మళ్ళీ పెట్టి, అప్పుడు ఏడ్చాను.

కాసేపటికి కాలనీవాళ్ళ ఫోన్ గ్రూపులో చేతులు జోడించిన బొమ్మలు వరసగా రాసాగాయి. వాటిని పెట్టినవాళ్ళలో సగం మందికి ఆమె ముఖం తెలుసో లేదో నాకు అనుమానమే. "వాకిలి అవ్వేనా?" అని ఎవరో అడిగారు. అవును, వాకిలి అవ్వే. ఆ పేరు ఎలా వచ్చిందో తెలిసినవాళ్ళం ఇప్పుడు కాలనీలో కొద్దిమందిమే మిగిలాం. అందుకే ఇది రాస్తున్నాను.

మా కాలనీ ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే దారిలో, ఊరు ఇక అయిపోయిందనిపించే చోట ఉంటుంది. స్థలాలు అమ్మేటప్పుడు పంచిన రంగుల కాగితం మీద "ప్రకృతి ఒడిలో పట్టణ సౌకర్యాలు" అని అచ్చు వేశారు. అలాంటి కాగితాలను నమ్మే వయసు దాటిపోయినా, మా విషయంలో అది అబద్ధం కాలేదు. ముందు వైపు రోడ్డు దాటితే సూపర్ మార్కెట్టు, ఏటీఎం, పిల్లల డాక్టరు. వెనక వైపు గుట్ట. ఒకదాని మీద ఒకటి ఎవరో పేర్చి మరిచిపోయినట్టుండే రాతి గుండ్లు, వాటి సందుల్లో సీతాఫలం చెట్లు, తెల్లారకముందే అరిచే నెమళ్ళు. నేను పెరిగింది ఆదోని పాత ఊళ్ళో, ఎదురింట్లో తుమ్మితే మా ఇంట్లో పలికేంత ఇరుకు సందులో. ఇక్కడికొచ్చిన మొదటి వారం మా అత్త, ఇంత గాలి ఒంటికి మంచిది కాదని కిటికీలన్నీ మూసుకుని కూర్చుంది.

పెద్దమ్మ మా తర్వాత ఏడాదికి వచ్చింది. ఎమ్మిగనూరు నేతగాళ్ళ వీధిలో పుట్టి, అదే వీధిలో మెట్టి, గుంత మగ్గంలో కాళ్ళు పెట్టుకుని సగం జీవితం గడిపిన మనిషి. భర్త పోయాక, మోకాళ్ళు మొరాయించాక, ఆదోని కాలేజీలో ఉద్యోగం చేస్తున్న కూతురు తన దగ్గరికి తెచ్చుకుంది. సామాను దిగిన రోజు సాయంత్రం ఆమె కాలనీ అంతా ఒక చుట్టు చుట్టి వచ్చి మా గేటు ముందు నిలబడింది. నాతో అన్న మొదటి మాట ఇప్పటికీ చెవిలో ఉంది.

"అంగడీ ఉండాది, గుట్టా ఉండాది, గాలీ ఉండాది. మనుషులు యాడికి పోయినారు పాపా?"

మనుషులు ఇళ్ళలో తలుపులు వేసుకుని ఉన్నారు. ఆ సంగతి ఆమెకు అర్థం కావడానికి కొంతకాలం పట్టింది. అర్థమయ్యాక కూడా ఆమె దానికి ఒప్పుకోలేదు. కాలింగ్ బెల్లు నొక్కేది కాదు, గేటు బయటి నుంచే "ఏం సేస్తాండావు పాపా" అని కేక వేసేది. లోపలికొచ్చి ముందు నా చీర కొంగు పట్టుకుని, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి చూసేది. ఇది మరమగ్గం అనో, ఇది పరవాలేదు అనో తీర్పు చెప్పేది. మాట్లాడినంతసేపూ కొంగు వదిలేది కాదు. నాకు స్కూలుకు పొద్దుపోతూ ఉండేది. కొంగు ఆమె చేతిలో ఉంటే నేనెక్కడికి పోతాను?

ఎండాకాలం మధ్యాహ్నాలు రోడ్డు దాటి సూపర్ మార్కెట్టుకు వెళ్ళేది. ఆ ఏసీ చల్లదనంలో ప్రతి వరసా నింపాదిగా తిరిగి, ప్రతి డబ్బా తీసి చూసి, చివరికి ఒక చిన్న జీలకర్ర పొట్లం కొనుక్కుని బయటికొచ్చేది. వాళ్ళింట్లో డబ్బాలు నిండి, కూతురు మొత్తుకుంటే, మిగిలిన పొట్లాలు మా ఇంటికి చేరేవి. ఆ వేసవిలో మా రెండిళ్ళలో ఎవరం జీలకర్రకు కరువు పడలేదు. మా అత్తకు ఉర్దూ తప్ప తెలుగు అంతంతమాత్రం, పెద్దమ్మకు ఉర్దూ అసలే రాదు. ఇద్దరికీ కన్నడం ముక్కలు ముక్కలుగా వచ్చు. వరండాలో కూర్చుని కొంత కన్నడం, కొంత తెలుగు, మిగిలింది చేతులతో గంటల తరబడి మాట్లాడుకునేవాళ్ళు. ఏం మాట్లాడుకున్నారని తర్వాత అడిగితే ఇద్దరిదీ ఒకటే జవాబు, ఊరికే అని.

మా అత్త పోయిన రోజు కాలనీవాళ్ళంతా వచ్చారు. పద్ధతిగా నిలబడి, పద్ధతిగా రెండు మాటలు చెప్పి వెళ్ళారు. పెద్దమ్మ మాత్రం నా పక్కన నేల మీద కూర్చుని, నా కొంగు చేతిలోకి తీసుకుని, సాయంత్రం దాకా వదల్లేదు. ఆ రోజు నన్ను పట్టి నిలిపింది ఆ చెయ్యే. ఈ మాట ఆమె బతికుండగా చెప్పి ఉంటే, కొంగు నలిపి చూసి ఏదో వేళాకోళం చేసి ఉండేది.

గుట్ట అవతల ఒక చిన్న ఊరు ఉంది. మా కాలనీ లేనప్పుడు ఆ ఊరివాళ్ళు ఈ పొలాల మీదుగానే నడిచొచ్చి రోడ్డు మీద బస్సు పట్టుకునేవాళ్ళు. పొలాలు స్థలాలై, స్థలాలు ఇళ్ళయినా ఆ కాలిబాట పోలేదు. పొద్దున్నే పత్తి మిల్లుల్లో పనికి పోయే ఆడవాళ్ళు, ఆకుకూరల గంపతో సుంకమ్మ, మా ఇళ్ళ మధ్య నుంచి గలగలా మాట్లాడుకుంటూ పోయేవాళ్ళు. పెద్దమ్మ వెతుక్కుంటున్న మనుషులు ఆమెకు అక్కడ దొరికారు. తెల్లారేసరికి ఇంటి మెట్ల మీద కూర్చుని ఉండేది. వాళ్ళు ఆగేవాళ్ళు. ఎవరి కూతురు నెల తప్పిందో, ఎవరి బోరు ఎండిపోయిందో ఆమెకు తెలిసేది. సుంకమ్మ గంపలోని మొదటి కట్ట ఆమె చేతిలోనే పెట్టేది. ఆ కాసేపటి కోసమే ఆమె మా కాలనీలో ఉండగలిగిందని నా నమ్మకం. ఆ నలుగురూ ఆగకపోతే ఎప్పుడో ఎమ్మిగనూరు బస్సెక్కేసేది.

ఒక వానాకాలం గుట్ట మీద ఎలుగుబంటి కనబడిందన్నారు. చూసినవాళ్ళెవరో తెలియదు గాని, రోజుకో చోట కనబడింది. ఆ తర్వాత ఎవరి ఇంటి ముందో సైకిలు పోయింది. సైకిలు తొక్కే ఎలుగుబంటి ఉండదు కాబట్టి, మనుషుల మీద కూడా అనుమానం వచ్చి, గుట్ట వైపు కాంపౌండు గోడ కట్టాలని కాలనీ సంఘం సమావేశం పెట్టింది.

సంఘానికి కార్యదర్శి ఒక రిటైరైన ఇంజనీరు గారు. కృష్ణా జిల్లా నుంచి ఉద్యోగానికి వచ్చి, ఈ గాలి నచ్చి ఇక్కడే ఇల్లు కట్టుకున్నారు. అందరం సారు అంటాం. మంచి మనిషి, మాట ఇస్తే తప్పరు. అందరూ గోడకు సరేనన్నాక పెద్దమ్మ లేచింది.

"గోడ కట్టుకోండప్పా, నేను వద్దనను. గుట్ట దిక్కు ఒక వాకిలి మాత్రం ఇడ్సండి."

"తప్పకుండానండీ. వాకిలి లేకపోతే ఎలా? విశాలంగానే వదులుదాం" అన్నారు సారు.

పెద్దమ్మ ముఖం విప్పారింది. అందరం టీ తాగి ఇళ్ళకు పోయాం.

గోడ లేచింది. పనివాళ్ళు ఒక చివర నుంచి కట్టుకుంటూ వస్తుంటే, వాకిలికి చోటు వదులుతారులే అనుకున్నాం. ఆఖరి వారంలో పెద్దమ్మ జాతరకని ఎమ్మిగనూరు పోయింది. తిరిగొచ్చేసరికి గోడ ఆ చివర నుంచి ఈ చివర దాకా పిల్లి దూరే సందు కూడా లేకుండా పూర్తయింది. కాలిబాట గోడకు తగిలే చోట మాత్రం నేల చదును చేసి, నున్నగా సిమెంటు చేయించి, అటొకటి ఇటొకటి బెంచీలు వేయించి ఉన్నాయి. సారు పక్కనే నిలబడి ఆమె ఏమంటుందోనని చూస్తున్నారు. ముఖంలో మాట నిలబెట్టుకున్న సంతోషం.

"వాకిలి యాడప్పా?" అంది పెద్దమ్మ.

"మీరు నిలబడింది వాకిట్లోనేనండీ" అన్నారు సారు.

మా కర్నూలు వైపు వాకిలంటే తలుపు. వాకిలి తీస్తాం, వాకిలి వేస్తాం. సారు వాళ్ళ వైపు వాకిలంటే ఇంటి ముందు ఊడ్చి, కళ్ళాపి చల్లి, ముగ్గు పెట్టుకునే జాగా. సమావేశంలో ఎవరి వాకిలి వాళ్ళకు వినబడింది. ఆ సంగతి నేను విడమరిచి చెప్పాక పెద్దమ్మ నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి బెంచీ మీద కూలబడి కళ్ళు తుడుచుకుంది. సారు కూడా ముఖం ఎర్రబడి నవ్వారు. నవ్వులన్నీ అయ్యాక చూస్తే గోడ అక్కడే ఉంది.

కొత్త గోడ పగలగొట్టడానికి ఎవరికీ మనసొప్పలేదు. గుట్ట అవతలివాళ్ళు బైపాసు మీదుగా చుట్టు తిరిగి రావలసి వచ్చింది. మొదటి బస్సు అందక మిల్లుపని మానుకున్నవాళ్ళు ఉన్నారు. సుంకమ్మ గంప నెత్తిన పెట్టుకుని అంత దూరం నడవలేక, రోజు విడిచి రోజు వచ్చేది. రాని రోజున గోడ అవతల నిలబడి పెద్దమ్మను పిలిచేది. పెద్దమ్మ బెంచీ ఎక్కి గోడ మీదుగా మాట్లాడేది. అవతలి నుంచి చుక్కకూర కట్ట ఎగిరొచ్చేది, ఇవతల పెద్దమ్మ కొంగు పట్టేది. ఆ మోకాళ్ళతో ఆమెను బెంచీ మీద చూసి కూతురు హడలిపోయేది. పడితే ఏం చేస్తావని అరిస్తే, పెద్దమ్మ తాపీగా, "పడినా వాకిట్లోనే గదా పడేది" అనేది.

ఆమె ఎవరితోనూ పోట్లాడలేదు. తెల్లారగానే బకెట్టుతో నీళ్ళు తెచ్చి, ఆ సిమెంటు జాగా కడిగి, గోడకు ఎదురుగా ముగ్గు వేయడం మొదలుపెట్టింది. వాళ్ళింటి ముందు చిన్న ముగ్గు, ఇక్కడ పెద్దది. గోడకు ముగ్గేమిటి పెద్దమ్మా అని ఒకరోజు అడిగాను.

"సారు ఆయప్ప వాకిలి ఇచ్చినాడు గదా పాపా, దాంట్లో ముగ్గు ఏస్తాండాను. నా వాకిలి ఎప్పుడో ఒగప్పుడు ఇస్తాడులే. ముగ్గు సూసి వాకిలే వస్తాది."

ఆ మాట కాలనీ అంతా పాకింది. సారు పొద్దున నడకకు ఆ దారినే పోవాలి. మొదట కొన్నాళ్ళు ముగ్గు తొక్కకుండా పక్క నుంచి పోయారు. తర్వాత ఆ దారి మానుకుని చుట్టు తిరిగి పోసాగారు. చుట్టు తిరగడం ఎలా ఉంటుందో ఆయనకు అలా తెలిసొచ్చింది. ఒకరోజు సారు భార్య పెద్దమ్మ దగ్గరికొచ్చి, ఆయన అన్నం సరిగ్గా తినడం లేదు, ఆ ముగ్గు కాస్త చిన్నది వేయండి అని బతిమాలింది. పెద్దమ్మ మర్నాటి నుంచి చిన్నది వేసింది. ఆ చిన్న ముగ్గును చూడడం సారుకు మరీ కష్టమైపోయింది.

తర్వాతి సమావేశంలో ఆయనే లేచారు. అర్థం వేరైనా ఇచ్చిన మాట తనదేనని, గోడ తొలిపించి ఇనుప తలుపు పెట్టిస్తానని చెప్పారు. జనం గొణిగారు, చివరికి ఒక షరతు మీద ఒప్పుకున్నారు. రాత్రంతా గడియ వేసి ఉండాలి. పొద్దున్నే తీసే పూచీ, దీపాల వేళకు వేసే పూచీ ఒక మనిషి తీసుకోవాలి. అలాంటి మనిషి లేని రోజున ఆ తలుపు తీసేసి గోడ పూడ్చాలి. పెద్దమ్మ కూర్చున్న చోటి నుంచే చెయ్యెత్తింది.

అలా ఆమె వాకిలి అవ్వ అయింది. తెల్లవారుజామున ఆ గడియ చప్పుడే మా వీధికి అలారం. రంజాన్ నెలలో మా ఇంట్లో దీపం చూసి ఆమె లేచేది, మిగిలిన నెలల్లో ఆమె గడియ విని మేం లేచేవాళ్ళం. జ్వరమొచ్చినా మానలేదు. ఎప్పుడైనా ఊరికి పోతే తలుపు తీయడం నా వంతు, ముగ్గు వేయడం కూతురి వంతు. ముందురోజే వచ్చి నా కొంగు పట్టుకుని, "రేపు వాకిలి తీస్తావు గదా" అని అడిగి, నేను ఊ అనేదాకా వదిలేది కాదు.

సాయంత్రాలు ఆ బెంచీల మీద కాలనీ ఆడవాళ్ళు కూర్చోవడం మొదలైంది. మిల్లు నుంచి తిరిగొచ్చేవాళ్ళు కాళ్ళు నొప్పులని అక్కడే కాసేపు ఆగేవాళ్ళు. సీతాఫలాల కాలంలో బెంచీ మీద ఎవరో పళ్ళు పెట్టి పోయేవాళ్ళు, ఎవరు పెట్టారో అడిగితే ఎవరూ చెప్పేవాళ్ళు కాదు. మా పిల్లలకు గుట్ట అవతలి పిల్లల పేర్లు తెలిశాయి. సారు కూడా వచ్చి కూర్చునేవారు. అయితే ఆయన మాత్రం దాన్ని గేటు అనేవారు. వాకిలి అంటే మళ్ళీ ఏ తిరకాసు వస్తుందోనని భయం.

ఒక వాన వెలిసిన సాయంత్రం పెద్దమ్మ నన్ను గుట్ట ఎక్కించింది. ఎక్కించింది అంటే, నా భుజం పట్టుకుని ఆమె, ఆమె నడుం పట్టుకుని నేను, మొదటి పెద్ద గుండు దాకా పోయి కూర్చున్నాం. ఒక పక్క ఆదోని మేడలు, మిల్లుల రేకులు, బైపాసు మీద లారీలు. ఇంకో పక్క తడిసిన పత్తి చేలు, గుండ్ల మీద నిలిచిన నీళ్ళు తాగుతున్న నెమళ్ళు. ఆమె చాలాసేపు రెండు పక్కలా మార్చి మార్చి చూసింది.

"మగ్గం గుంతలో కూసున్నోళ్ళకు ఎదురుగోడ తప్ప ఏమీ కనపడదు పాపా. ఇంత దూరం సూడొచ్చని నాకు ఇప్పుడు తెలిసె. ఇంగ మళ్ళీ గోడ సూపిస్తే ఎట్ల సూసేది?"

బెంచీ ఎక్కి చుక్కకూర పట్టుకున్న మనిషి కష్టం నాకు ఆ రోజు పూర్తిగా అర్థమైంది.

ఆమె పోయిన మర్నాడు పొద్దున్నే మేం ఎమ్మిగనూరు బయలుదేరాలి. అంతకుముందు తలుపు తీయాలి. ఆమె ఊరికి పోయేముందు ఊ అన్నాను కదా. గడియ లాగాను. అవతల నుంచి ఆడవాళ్ళు ఎప్పటిలాగే మాట్లాడుకుంటూ లోపలికొచ్చారు. ఈ మాట వాళ్ళకు ఎలా చెప్పాలా అని తడుముకుంటున్నాను. ముందు నడుస్తున్న సుంకమ్మ ఆగిపోయింది. ఆమె నా వైపు చూడలేదు, నేల వైపు చూసింది. నీళ్ళు చల్లలేదు, ముగ్గు లేదు. పెద్దమ్మ ఊళ్ళో లేకపోయినా ముగ్గు ఆగిన రోజు లేదు. ముగ్గు లేని వాకిలి ఏం చెబుతుందో ఆ ఆడవాళ్ళకు ఒకరు చెప్పనక్కర్లేదు. సుంకమ్మ గంప దించింది.

"ఎప్పుడు?" అని మాత్రం అడిగింది.

నిన్న మధ్యాహ్నం అన్నాను. రోడ్డు మీద మొదటి బస్సు హారను కొట్టి, కాసేపు ఆగి, వెళ్ళిపోయింది. వాళ్ళలో ఎవరూ కదల్లేదు.

దినాలు అయ్యేదాకా అక్కడ ముగ్గు పడలేదు. తలుపు నేను తీస్తూ, వేస్తూ వచ్చాను. దినాలు అయిపోయాక సంఘం కూర్చుంది. ఈమధ్యనే ఇల్లు కొనుక్కున్న ఒకాయన పాత షరతు గుర్తుచేశారు. పూచీ తీసుకున్న ఆవిడే లేదు కాబట్టి తలుపు తీసేసి గోడ పూడ్చేస్తే పిల్లలకు భద్రంగా ఉంటుందని మర్యాదగానే చెప్పారు. ఒకరిద్దరు తలలూపారు. పెద్దమ్మ కూతురు తల వంచుకుని కూర్చుంది. కాలేజీ నుంచి చీకటి పడ్డాక గాని ఇల్లు చేరని పిల్ల, దీపాల వేళ పూచీ ఎలా తీసుకుంటుంది? నేను చెయ్యెత్తబోయాను. నాకంటే ముందు సారు లేచారు.

"వాకిలి నేను తీస్తానండీ" అన్నారు.

అన్నేళ్ళలో ఆయన నోట గేటు అన్న మాటే విన్నాం. పెద్దమ్మ కూతురు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మర్నాడు తెల్లవారుతుండగా అలవాటు కొద్దీ నేను అటు వెళ్ళాను. సారు అప్పటికే స్వెటరు, చెవుల టోపీ వేసుకుని గడియతో తంటాలు పడుతున్నారు. తలుపు తెరుచుకుంది. ఆడవాళ్ళు వచ్చారు. ఆయన్ని చూసి కాస్త సర్దుకుని, తలలు వంచుకుని నడవబోయారు. సుంకమ్మ మాత్రం గంప దించి, దాంట్లోంచి నీళ్ళ సీసా తీసి నేలంతా చల్లింది. నడుము దగ్గర దోపుకున్న చిన్న గుడ్డమూట విప్పింది. ఇంటి దగ్గర్నుంచి ముగ్గుపిండి తెచ్చుకుంది. వంగి, చుక్కలు పెట్టి, నింపాదిగా ముగ్గు వేసింది. గుట్ట మీది గాలికి తలుపు కొట్టుకోకుండా సారు ఆ రెక్కను చేత్తో పట్టుకుని, ముగ్గు పూర్తయ్యేదాకా అలాగే నిలబడ్డారు. సుంకమ్మ లేచి చేతులు దులుపుకుంది. గంప వైపు చూసి, ఎత్తే మనిషి కోసం చుట్టూ చూసింది. సారు తలుపు వదిలేసి, ముగ్గు పక్క నుంచి జాగ్రత్తగా వచ్చి, వంగి, గంపకు రెండు చేతులూ వేశారు.